నిర్బంధము అనే మాట

బాప్తిస్మం నాడు ఆయనకు బర్నబా అని పేరు పెట్టారు గానీ ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు. పుంగనూరులోనూ, చౌడేపల్లె దారిలోని పల్లెల్లోనూ ఆయన బాలప్ప ఉపదేశి. పాస్టరు అయ్యగారు మదనపల్లెలో ఉండేవారు. నెలకొక ఆదివారం బస్సు దిగి, రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం ఇచ్చి, పెళ్ళిళ్ళో బాప్తిస్మాలో ఉంటే జరిపించి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవారు. తక్కిన దినాలన్నీ బాలప్పవే. పిల్లలకు వాక్యం చెప్పడం, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు పోయి ప్రార్థన చేయడం, పోయినవాళ్ళను సమాధి దాకా సాగనంపడం ఆయన పని. పెళ్ళి చేసే అధికారం మాత్రం ఉపదేశికి లేదు.

ఆయనకు గ్రీకు వచ్చని సంఘంలో ఒక మాట ఉండేది. నిజానికి సగమే వచ్చు. వయసులో ఉన్నప్పుడు మదనపల్లెలో, చూపు మందగించిన ఒక ముసలి బోధకుడికి పుస్తకాలు చదివి వినిపించే పనిలో కుదిరాడు. కొత్త నిబంధనను మొదట రాసిన భాష ఇదేనని ఆ పెద్దాయన సాయంత్రాలు అరుగు మీద కూర్చోబెట్టి గ్రీకు అక్షరాలు దిద్దించాడు. నామవాచకాలు అయ్యాయి. క్రియలు సగంలో ఉండగా ఆయన కాలం చేశాడు. ఆయన కూతురు ఒక గ్రీకు కొత్త నిబంధనను, ఒక లావుపాటి నిఘంటువును బాలప్ప చేతిలో పెట్టింది. చదువు అంతటితో ఆగింది. దిగుడుబావిలో మెట్టు వదలకుండా ఈదేవాడిలా, నిఘంటువు చేతిలో ఉన్నంతసేపే ఆయన గ్రీకు.

ఆ సగం చదువే ఆయన్ను పట్టుకుని వదల్లేదు. దేవుడు మాటతో లోకాన్ని చేశాడు గనక మాటను తొలిచి చూస్తే దేవుడి మనసు తెలుస్తుందని గట్టిగా నమ్మేవాడు. ఆదివారం ప్రసంగంలో ఒక్క మాట తీసుకుని వేరు దాకా తవ్వేవాడు. వెనక బెంచీల్లో కొందరు కునుకు తీసేవారు. ఇంటికొచ్చాక భార్య కుప్పమ్మ అనేది:

"ఆ పరాయి మాటలు యాలబ్బా వాళ్ళకి? సెనిక్కాయలు ఎండిపోతాండాయి. వానకి ప్రార్థన చేసింటే సంతోషంగా పోయిందురు."

1975లో అమరావతి ఆయన ఇంటికి వచ్చింది. ఆమె సర్కారు ఆసుపత్రిలో ఆయా. ఆమె పెళ్ళి ఈ చర్చిలోనే జరిగింది. పెళ్ళికొడుకు అంజినప్ప పలమనేరు వైపు వాడు, లారీ తోలేవాడు. ఆమెను చేసుకోవడానికే బాప్తిస్మం తీసుకున్నాడు. రెండేళ్ళు తిరక్కముందే లారీతో కోలారు వైపు పోయి అక్కడే ఉండిపోయాడు. తన పాత దేవుళ్ళ దగ్గరికే తిరిగి పోయి, గుళ్ళో ఇంకొకామెకు తాళి కట్టాడు. అమరావతి వెతుక్కుంటూ పోతే వాకిట్లోనే నిలబెట్టి, "నీ దోవ నువ్వు సూసుకో" అన్నాడు. లోపల పసిబిడ్డ ఏడుస్తున్న శబ్దం విని ఆమె వెనక్కి వచ్చేసింది.

ఇప్పుడు ఆమెను ఒకాయన పెళ్ళికి అడిగాడు. పేరు జయచంద్ర. కుప్పం దగ్గర రైలు గేటు కాపలా, క్రైస్తవుడు, భార్య పోయినవాడు, చిన్న కూతురుంది. తన అత్తను పుంగనూరు ఆసుపత్రిలో పెట్టుకుని ఉన్న వారాల్లో అమరావతిని చూశాడు.

"అప్పా, నేను ఆయన్ని చేసుకుంటే పాపమా?" అని అడిగింది అమరావతి. తిప్పి తిప్పి అడిగే మనిషి కాదు.

ఆమె ప్రశ్న ముగిసేలోగానే బాలప్పకు వాక్యం గుర్తొచ్చింది. పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలో ఉంది. విశ్వాసం లేని భర్త విడిచిపోతే పోనీ, అలాంటప్పుడు విశ్వాసియైన స్త్రీకి నిర్బంధము లేదు అని. తప్పు లేదమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన దాన్ని ఆపుకున్నాడు.

"ఒక నెల ఓర్సుకోమ్మా. మూలంలో ఏముండాదో సూసి సెప్తా."

"తెలుగులో ఉండేది సాలదాప్పా?"

"తెలుగులోకి ఒకరు మార్చి రాసిందమ్మా అది. మొదుట ఏం రాసినారో సూడాల."

ఆమె తలూపి డ్యూటీకి వెళ్ళిపోయింది.

నిఘంటువులో వారం రోజులు వెతికాక బాలప్పకు ఒక సంగతి దొరికింది. తెలుగులో 'నిర్బంధము లేదు' అన్నచోట గ్రీకులో ఉన్న మాట దెదూలోతై. బానిసగా చేయబడటం అని దాని అర్థం. అంటే, ఆమె బానిస కాదు. అదే అధ్యాయం చివర, భర్త బతికున్నంత కాలం భార్య అతనికి కట్టుబడి ఉంటుందన్నచోట ఉన్న మాట వేరు, దెదెతై. కట్టబడటం అని అర్థం. పౌలు రెండు చోట్లా రెండు మాటలు వాడాడు. బాలప్ప సంబరానికి అంతు లేదు. కట్టు కంటే బానిసత్వం పెద్దది. పెద్దదే లేదన్నాక చిన్నది ఎక్కడ మిగులుతుంది? వంటింటి గడప దగ్గర నిలబడి కుప్పమ్మకు ఇదంతా చెప్పాడు.

"అంటే ఆ బిడ్డ చేసుకోవచ్చునా, కూడదా?" అంది కుప్పమ్మ.

"చేసుకోవచ్చు."

"అయితే పోయి ఆ మాట చెప్పు."

ఆయన చెప్పడానికి పోలేదు. ముందు అయ్యగారికి చెప్పాడు. అయ్యగారు కమిటీకి చెప్పమన్నారు.

సంఘ కమిటీలో పెద్ద గంగులయ్య. బడిపంతులుగా చేసి రిటైరైనవాడు, మాటకు విలువున్నవాడు, చర్చి పైకప్పు దగ్గరుండి వేయించినవాడు. అవి ఎమర్జెన్సీ రోజులు. బాలప్ప రెండు గ్రీకు మాటలూ చెప్పడం ముగించగానే గంగులయ్య అన్నాడు:

"బాలప్పా, గ్రీకు మాకి తెలీదు. నిర్బంధం అంటే తెలుసు. పేపర్లో దినమూ సూస్తాండాం గదా, ఫలానా ఆయన నిర్బంధంలో ఉండాడని. అంటే బలవంతంగా పెట్టినారని. ఆ మాట ప్రకారం, మొగుడు పోతే ఎనకమాల పరిగెత్తాల్సిన బలవంతం లేదు. అంతే. ఇంకొకర్ని చేసుకోమని యాడుండాది?"

"అందుకే అప్పా మూలం సూడమనేది. ఆడ బలవంతం అని లేదు, బానిస అని ఉండాది."

"సరే. ముందు ఆ బిడ్డను కోర్టు కాగితం తెమ్మను. తర్వాత సూస్తాం."

అమరావతి చిత్తూరు కోర్టుకు పోయింది. భర్త మతం మారి వేరే పెళ్ళి చేసుకుంటే భార్యకు విడాకులిచ్చే దారి క్రైస్తవుల చట్టంలో ఉందని వకీలు చెప్పాడు. సెలవు పెట్టినప్పుడల్లా తెల్లారే పలమనేరు మీదుగా బస్సులో వెళ్ళి, వాయిదా వేయించుకుని వచ్చేది. అంజినప్ప ఒక్కసారీ రాలేదు. కోర్టు ఇచ్చిన తీర్పును హైకోర్టు కూడా ఖాయం చేయాలన్నారు. అంతా అయ్యేసరికి 1979. జయచంద్ర కుప్పంలో ఎదురు చూస్తూనే ఉన్నాడు. అతని కూతురు బడికి పోయే ఈడుకొచ్చింది.

మళ్ళీ కమిటీ కూర్చుంది. ఈసారి గంగులయ్య వేరే మాట తీశాడు.

"కోర్టు వేరు, సంఘం వేరు. అవిశ్వాసి విడిచిపోతే అని గదా వాక్యంలో ఉండాది? అంజినప్ప మన దగ్గర బాప్తిస్మం తీసుకున్నోడు. మన లెక్కలో విశ్వాసే."

"గుళ్ళో తాళి కట్టి, బిడ్డల్ని కని, దేవర్లకు కోళ్ళు కోసేవాడు విశ్వాసి యెట్ల అవుతాడప్పా?"

"దారి తప్పినోడు అవుతాడు. పోసిన నీళ్ళు తుడిసేసేదానికి లేదు గదా."

బాలప్పకు ఒళ్ళు మండింది. కోర్టుకు అంజినప్ప హిందువు, సంఘానికి క్రైస్తవుడు, అమరావతికి మాత్రం ఏమీ కాడు. ఈ మాట పైకి అనాలనుకుని, అనలేక, మదనపల్లెలో పై కమిటీకి పంపమని మాత్రం అడిగాడు. దానికి ఒప్పుకున్నారు. పంపడం ఎవరికీ కష్టం లేదు.

పై కమిటీ కూర్చోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ బాలప్ప ఆ ఒక్క అధ్యాయంలోనే కాపురమున్నాడు. ప్రసంగాలు పలచబడ్డాయి. చౌడేపల్లె వైపు పల్లెలకు పోవడం తగ్గింది. ఆసుపత్రి దారిలో అమరావతి ఎదురైతే, "ఇంకొక మాట దొరికిందమ్మా, మన పక్కనే ఉండాది" అనేవాడు. ఆమె మొదట్లో నిలబడి వినేది. తర్వాత తర్వాత, "డ్యూటీకి పొద్దయితాందప్పా" అని నడిచేది.

మదనపల్లెలో మీటింగు రోజు ఆమె కూడా వచ్చింది. లోపలికి పిలవరు గనక హాలు బయట మెట్ల మీద కూర్చుంది. లోపల పాస్టరు అయ్యగారు, గంగులయ్య, ఇంకా నలుగురు పెద్దలు. అయ్యగారు బెంగుళూరులో దైవశాస్త్రం చదివినవారు, గ్రీకు పూర్తిగా వచ్చినవారు, మంచివారు.

బాలప్ప లేచి నిలబడి చెప్పాడు. దెదూలోతై, దెదెతై. పౌలు ఒకచోట బానిసత్వమన్నాడు, ఒకచోట కట్టు అన్నాడు. తెలుగులో నిర్బంధమన్నా కట్టు అన్నా ఒకటే అనిపిస్తుంది, మూలంలో తేడా కనపడుతుంది. ఆమె బానిస కాదన్నప్పుడు ఆమె స్వతంత్రురాలు, స్వతంత్రురాలు ఎవరినైనా ప్రభువు పేరున పెళ్ళాడవచ్చు.

పెద్దలు అయ్యగారి వైపు చూశారు.

"బాలప్ప చెప్పింది నిజమే. ఆ రెండు మాటలూ వేరు వేరు," అన్నారు.

బాలప్ప కూర్చోబోయాడు.

"అయితే అందులోనే చిక్కు కూడా ఉంది. వివాహ బంధం గురించి చెప్పాలనుకున్నప్పుడల్లా పౌలు 'కట్టు' అనే మాటే వాడాడు. భర్త విడిచిపోయిన స్త్రీ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట వదిలేసి వేరే మాట వాడాడు. కాబట్టి అక్కడ ఆయన వివాహ బంధం తెగిందని చెప్పడం లేదు, భర్తను బతిమాలి నిలుపుకునే బానిసత్వం లేదని మాత్రమే చెబుతున్నాడు అనే పండితులున్నారు. బంధం తెగిందనే పండితులూ ఉన్నారు. మాటను బట్టి ఇటూ చెప్పవచ్చు, అటూ చెప్పవచ్చు."

గంగులయ్య నెమ్మదిగా అన్నాడు: "నేను మొదుట్నించీ అదే గదా సెప్తాండాను. ఆ రెండు మాటలూ వేరేవి."

ఆయన మొదటినుంచీ చెప్పింది అది కాదు. ఆ రెండు మాటలూ కమిటీ ముందు పెట్టింది బాలప్ప. ఇప్పుడవి గంగులయ్య చేతిలో ఉన్నాయి. బాలప్ప మళ్ళీ లేచాడు. ఆ క్రియారూపం గురించి, జరిగిపోయి ఇప్పటికీ నిలిచి ఉన్న స్థితి గురించి ఏదో చెప్పబోయి రెండు రూపాలూ కలిపేశాడు. అయ్యగారు మెల్లగా సరిదిద్దారు. తనకు రాని సగంలో కాలు పెట్టానని బాలప్పకు తెలిసింది. విషయాన్ని ఇంకా లోతుగా చదవాలని తీర్మానించి టీ తాగారు.

తర్వాత వరండాలో అయ్యగారి దగ్గరికి పోయాడు.

"మీరు అడ్డం యాల సెప్పినారయ్యా?"

"నువ్వు అడిగావు గనక, బాలప్పా. మూలంలో ఏముందని నువ్వే అడిగావు. అక్కడున్నది నేను దాచలేను గదా." మళ్ళీ ఆయనే అన్నారు, "గ్రీకు మాట ఎత్తకుండా, నిర్బంధము లేదని తెలుగులో ఉంది, ఆ బిడ్డకు పెళ్ళి చేద్దామని గట్టిగా అడిగి ఉంటే, వీళ్ళు ఈపాటికి ఒప్పుకునేవాళ్ళేమో."

మెట్ల మీద అమరావతి లేచి నిలబడింది. "ఏమన్నారప్పా?"

"ఇంకా సదవాలంట."

"ఎవురు?"

ఆయన బస్టాండు వైపు నడిచాడు. ఆమె వెనకే వచ్చింది. పుంగనూరు బస్సులో ఆమె ఆడవాళ్ళ సీటులో కూర్చుని ఊరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

మరుసటి సంవత్సరం ఆమె కుప్పం ఆసుపత్రికి బదిలీ చేయించుకుంది. ఆ నెలలోనే పెళ్ళి. జయచంద్ర వెళ్ళే చిన్న అరవ సంఘంలో, ఒక రేకుల షెడ్డులో. పోవద్దని బాలప్పకు గంగులయ్య చెప్పి పంపాడు. అయినా కుప్పమ్మను తీసుకుని బాలప్ప పోయాడు. అందరికంటే వెనక, తలుపు పక్కన కూర్చున్నాడు.

ఆ సంఘం బోధకుడు నడివయసువాడు, వారమంతా సైకిలు రిపేరు చేసుకుంటూ ఆదివారాలు వాక్యం చెప్పేవాడు. పెళ్ళికి ముందు అరవ బైబిలు తెరిచి అదే అధ్యాయం చదివాడు. కుప్పంలో పెరిగినవాళ్ళకే గాదు, అరవం వచ్చీరాని బాలప్పకు కూడా ఆ మాట స్పష్టంగా వినపడింది. సహోదరి అడిమైపట్టది కాదు. అడిమై అంటే బానిస. ముందు చాప మీద కూర్చున్న ముసలమ్మలు, ఎన్నోసార్లు విన్న మాటే గనక, తలూపారు.

బాలప్ప తలెత్తి వాళ్ళ వైపు చూశాడు. ఏడేళ్ళు నిఘంటువులో వెతికిన మాట, పలమనేరులో బస్సు మారితే చేరే ఊళ్ళో, చదువురాని ముసలమ్మలకు తెలిసిన మాట. ఆ సంగతి తనకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండునని అనుకున్నాడు. అంతలోనే, చెప్పినా కమిటీ ముందు దాని గతీ అంతే అయ్యేదని తోచి మరింత చిరాకు పడ్డాడు.

భోజనాల దగ్గర బోధకుణ్ణి పట్టుకున్నాడు.

"ఆ మాట పెండ్లి కట్టు గురించి కాదనే పండితులు ఉండారప్పా."

"యాడ?"

"యాడంటే, పుస్తకాల్లో."

బోధకుడు ఆయన ఆకు వైపు చూశాడు. "అడిమై కాదని రాసుండాది. ఆ యమ్మ అడిమై కాదు. ఇంకేం సూడాల? తినండప్పా, ఆరిపోతాది."

పుంగనూరులో అమరావతి పేరును సంస్కారం తీసుకునేవాళ్ళలోంచి తీసేశారు. ఆ పెళ్ళికి పోయినందుకు బాలప్పను పిలిచి మందలించారు. ఆయన తల వంచుకుని విన్నాడు. ఆ తర్వాత ప్రసంగాల్లో గ్రీకు మాట రావడం మానేసింది. నిఘంటువు మాత్రం ఇంట్లో చదువుతూనే ఉండేవాడు. మానుకోవడం ఆయన వల్ల కాలేదు.

ఐదేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం గంగులయ్య బాలప్ప ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఆ ఇంటికి ఎప్పుడూ వచ్చినవాడు కాదు. కుప్పమ్మ మజ్జిగ ఇస్తే గ్లాసు చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన చిన్న కూతురిని బెంగుళూరులో ఇచ్చారు. అల్లుడు ఇంకొకామెతో వెళ్ళిపోయి, సభ పెట్టి మరీ మతం వదిలేశానన్నాడు. కూతురు పుట్టింటికి వచ్చి ఏడాది దాటింది. వాల్మీకిపురం నుంచి ఒక మంచి సంబంధం అడుగుతున్నారు.

"అప్పుడు నువ్వు మీటింగులో సెప్పినావే బాలప్పా, బానిస కాదని. ఆ మాట మళ్ళా ఒకసారి సెప్పప్పా."

తిట్టడానికి బాలప్ప దగ్గర చాలా మాటలే ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న మనిషి కళ్ళ కింద నలుపు చూశాక ఒక్కటీ నోట్లోంచి రాలేదు. ఆ అమ్మాయికి ఆదివారపు బడిలో పాటలు నేర్పింది ఆయనే. నిఘంటువు తెచ్చి, రెండు మాటలూ చూపించి, మొదటినుంచీ చెప్పాడు. గంగులయ్య ఒళ్ళో చేతులు పెట్టుకుని, బడిలో పిల్లాడిలా విన్నాడు.

మదనపల్లె పై కమిటీలో ఈసారి గంగులయ్య పక్కన కూర్చుని బాలప్పనే మాట్లాడమన్నాడు. బాలప్ప అదే చెప్పాడు. అందరూ తలలూపుతున్నారు. అప్పుడు ఆయనకు ఊరుకోబుద్ధి కాలేదు. అబద్ధమాడినట్టవుతుందనిపించింది.

"ఇంకొక పక్క కూడా ఉండాది. ఆ మాట వేరేది గనక అది పెండ్లి కట్టు గురించి కాదనే పండితులు ఉండారు. అయ్యగారే ఒకప్పుడు..."

"ఆ సంగతి పక్కన పెట్టప్పా," అన్నాడొక పెద్ద. "బిడ్డ బతుకు కదా ఇది."

"పక్కన పెడితే యెట్లప్పా? అప్పుడు దాని మీదనే గదా..."

ఎవరూ వినలేదు. అయ్యగారు ఒక్కసారి బాలప్ప వైపు చూసి తల దించుకున్నారు. విడిచిపెట్టబడినవారు కోర్టు తీర్పు ఉంటే చర్చిలో పెళ్ళి చేసుకోవచ్చునని ఆ సాయంత్రమే తీర్మానం రాశారు. అందులో ఏ భాష మాటా లేదు.

బాలప్ప కుప్పం పోయాడు. అమరావతి ఆ రోజు సెలవులో ఉంది. గేటు పక్కనున్న రైల్వే ఇంటి ముందు బియ్యం చెరుగుతూ కూర్చుంది. ఆయన చెప్పిందంతా చేట ఆపకుండా విన్నది.

"మంచిదేప్పా, ఆ బిడ్డకి," అంది.

"నీ పేరు కూడా మళ్ళా సంస్కారంలో చేరుస్తారు. నేను అడుగుతా. నీకి కోపం రాలేదామ్మా?"

చేట పక్కన పెట్టింది. "వచ్చినాది. గంగులయ్య మీద కాదు. ఆయన వద్దనేవాడని తెలుసు. మీ మీద వచ్చినాది."

బాలప్ప ఆమె వైపు చూశాడు.

"మొదుటి దినం నేను అడిగితే, మీ మొగంలో కనపడినాదప్పా తప్పు లేదని. ఆ మాట నోటితో చెప్పింటే ఆ వారమే కుప్పం బస్సు ఎక్కిందును. కోర్టు కాగితం నా పాటికి నేను తెచ్చుకుందును. సూసి సెప్తా అన్నారు. మీరు సూస్తాండారు గదా అని నేను కాసుకోనుంటిని. నాకొక బిడ్డ కావాలని ఉండె. ఆయన కూతురు బంగారమే, కాదనను. కానీ నాకి ఈడు దాటిపాయె."

"నేను నీకోసమే కదమ్మా ఆ కష్టమంతా..."

"నాకోసమే. అందుకే ఇన్నేండ్లు సెప్పలేదు."

రైలు వచ్చే వేళయింది. జయచంద్ర గేటు వేయడానికి వెళ్ళాడు. అమరావతి లోపలికి పోయి అన్నం పెట్టింది. బాలప్ప తిన్నాడు. ఏం కూర తిన్నాడో ఆయనకు తెలియలేదు.

తిరుగు బస్సులో పలమనేరు దాకా ఆమె మీదే కోపంగా ఉన్నాడు. తన కళ్ళు పోయేలా చదివింది ఎవరికోసం? బస్సు మారాక కోపం గంగులయ్య మీదికి మళ్ళింది, ఆ తర్వాత అయ్యగారి మీదికి, క్రియలు సగంలో వదిలి చనిపోయిన ముసలి బోధకుడి మీదికి. పుంగనూరులో దిగేసరికి ఇంకెవరూ మిగల్లేదు.

కుప్పమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, "ఏమనిందబ్బా అమరావతి?" అని అడిగింది.

"బాగుండాది," అన్నాడు. తల నొప్పిగా ఉందని చెప్పి, చొక్కా కూడా విప్పకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.